ఆవాసాలు – అనుకూలనాలు: గోదావరి డెల్టాలో బహిరంగ అభ్యసన కృత్యాలు

యూనిట్ – 7

విషయక్రమం
7.0 లక్ష్యాలు
7.1 విషయ పరిచయం
7.2 అనుకూలనం – సరైన అవగాహన
7.3 బయటి పాఠానికి నాలుగు మెట్లు
7.4 బడికి దగ్గరలో చేయదగిన కృత్యాలు
7.5 కోరింగ మడ అడవి సందర్శన
7.6 భద్రత, అనుమతులు
7.7 స్థానిక జ్ఞానం, స్థానిక జీవనోపాధి
7.8 మూల్యాంకనం
7.9 సారాంశం
7.10 సమీక్ష ప్రశ్నలకు జవాబులు
7.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• ఆవాసానికీ, అనుకూలనానికీ ఉన్న సంబంధాన్ని స్థానిక ఉదాహరణలతో వివరించగలుగుతారు.
• అనుకూలనాల గురించి విద్యార్థులకు కలిగే సాధారణ అపోహలను గుర్తించి సరిదిద్దగలుగుతారు.
• కాలువగట్టు, వరి చేను, చేపల బజారు, మడ అడవి వంటి చోట్ల కృత్యాలను రూపొందించి, భద్రంగా నిర్వహించగలుగుతారు.
• విద్యార్థులు నేర్చుకున్నదాన్ని కంఠస్థంతో సంబంధం లేకుండా మూల్యాంకనం చేయగలుగుతారు.

7.1 విషయ పరిచయం

అనుకూలనాల పాఠం అనగానే మనకు గుర్తుకొచ్చే ఉదాహరణలు ఒంటె, నాగజెముడు, ధ్రువపు ఎలుగుబంటి. ఇవి మంచి ఉదాహరణలే. అయితే అమలాపురం దగ్గర చదువుకునే ఏడో తరగతి పిల్లవాడు ఎడారిని చూడలేదు, మంచు ఖండాన్ని చూడలేదు. ఒంటె మూపురంలో కొవ్వు ఉంటుందన్న వాక్యాన్ని అతడు నమ్మి రాస్తాడు తప్ప పరీక్షించి చూడలేడు. అదే పిల్లవాడు రోజూ బడికి నడిచే దారిలో కాలువలో గుర్రపు డెక్క తేలుతూ ఉంటుంది, వరి చేలో కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంటుంది, సంతలో కొర్రమీను తడి గోనె మీద ప్రాణంతో కొట్టుకుంటూ ఉంటుంది. వీటి గురించి అతడు అడిగి, చూసి, కొలిచి, జవాబు తెలుసుకోగలడు.

ధవళేశ్వరం దాటిన తరువాత గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయల మధ్య, వాటికి ఇరువైపులా ఉన్న డెల్టాలో మంచినీటి కాలువలు, నీరు నిలిచే వరి చేలు, కొబ్బరి తోటలు, చెరువులు, ఉప్పునీటి ఏర్లు, మడ అడవులు, ఇసుక తీరం అన్నీ కొద్ది దూరంలోనే ఉన్నాయి. ఆవాసం మారితే జీవులు ఎలా మారతాయో చూపించడానికి ఇంతకన్నా అనువైన ప్రదేశం అరుదు. పశ్చిమాన కొల్లేరు కూడా ఉంది. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలగా రామ్‌సార్ జాబితాలో చేరిన ఈ సరస్సులో, ఆటపాక వద్ద గూడబాతులను దగ్గరగా చూడవచ్చు.

బడి బయటి జీవితంతో చదువును ముడిపెట్టాలని జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం – 2005 తన మార్గదర్శక సూత్రాల్లో మొదటిదిగా చెప్పింది. జాతీయ విద్యావిధానం – 2020 ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్యలో పది రోజుల పాటు పుస్తకాల సంచి లేని చదువును సూచించింది. అంటే బయటి పాఠానికి విధానపరమైన మద్దతు ఉంది. లోటు ఉన్నది నిర్వహణలో. చాలా బడుల్లో ఇది విహారయాత్రగా మిగిలిపోతోంది. పిల్లలు బస్సెక్కి వెళ్ళి, ఫొటోలు తీసుకుని, తిరిగి వచ్చి పుస్తకంలోని వాక్యాలనే మళ్ళీ రాస్తున్నారు. వెళ్ళకముందు ఏ ప్రశ్న వేశామో, అక్కడ ఏం కొలిచామో, వచ్చాక దేనితో పోల్చామో అన్నదాని మీదే బయటి పాఠం ఫలితం ఆధారపడుతుంది.

7.2 అనుకూలనం – సరైన అవగాహన

ఒక జీవి ఒక నిర్దిష్ట ఆవాసంలో బతికి సంతానాన్ని పొందడానికి తోడ్పడే, తరతరాలుగా వారసత్వంగా వచ్చే లక్షణాన్ని అనుకూలనం అంటారు. అది నిర్మాణంలో ఉండవచ్చు, శరీరధర్మంలో ఉండవచ్చు, ప్రవర్తనలో ఉండవచ్చు. ఈ నిర్వచనంలో రెండు భాగాలున్నాయి: జీవి ఒకటి, చోటు ఒకటి. చోటు గురించి ఏమీ చెప్పకుండా జీవి లక్షణాన్ని మాత్రమే చెబితే అది వర్ణన అవుతుంది, అనుకూలనం గురించిన వివరణ కాదు.

విద్యార్థుల జవాబు పత్రాల్లో మూడు అపోహలు తరచూ కనిపిస్తాయి.

మొదటిది, ఉద్దేశాన్ని ఆపాదించడం. “మడ చెట్టు గాలి పీల్చుకోవడం కోసం వేర్లను పైకి పంపింది” అని రాస్తారు. చెట్టు ఆలోచించి ఏదీ చేయదు. పూర్వతరాల మొక్కల్లో సహజంగా ఉన్న తేడాల్లో, గాలి తగిలే వేర్లున్నవి ఈ బురదలో ఎక్కువగా బతికి ఎక్కువ విత్తనాలిచ్చాయి. అలాంటివే మిగిలాయి. చార్లెస్ డార్విన్ 1859లో ప్రచురించిన గ్రంథంలో ప్రతిపాదించిన ప్రకృతి వరణం సారాంశం ఇదే. చిన్న తరగతుల్లో ఆ సిద్ధాంతం పేరు చెప్పనవసరం లేదు. “కోసం పంపింది” అనే బదులు “ఉండటం వల్ల బతకగలుగుతోంది” అనడం అలవాటు చేస్తే చాలు.

రెండవది, ఒక జీవి తన జీవితకాలంలో సర్దుకోవడాన్నీ, వారసత్వంగా వచ్చే అనుకూలనాన్నీ ఒకటిగా చూడటం. ఎండలో తిరిగితే మన చర్మం నల్లబడుతుంది. ఆ నలుపు పిల్లలకు రాదు. అయితే అలా సర్దుకోగల శక్తి మాత్రం వారసత్వంగా వస్తుంది.

మూడవది, కనిపించిన ప్రతి లక్షణాన్నీ ఆ ఆవాసానికి జవాబుగా భావించడం. మడ అడవి బురదలో కనిపించే ఫిడ్లర్ పీతల్లో మగవాటికి ఒక డెక్క చాలా పెద్దదిగా ఉంటుంది. అది బురదలో తవ్వుకోవడానికని పిల్లలు వెంటనే అంటారు. నిజానికి అది ఆడపీతలను ఆకర్షించడానికీ, తోటి మగపీతలతో పోరాడటానికీ ఉపయోగపడుతుంది. ఆడపీతలకు ఆ పెద్ద డెక్క లేదు, అయినా అవీ అదే బురదలో బతుకుతున్నాయి. ఈ ఒక్క పరిశీలనతో మొదటి ఊహ తప్పని తేలిపోతుంది. ఇటువంటి సందర్భాలను వదులుకోకండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
1. “కొంగ చేపలు పట్టడానికి ముక్కును పొడవుగా పెంచుకుంది.” ఈ వాక్యంలోని దోషం ఏమిటి? సరిచేసి రాయండి.
2. ఫిడ్లర్ పీత పెద్ద డెక్క బురద నేలకు అనుకూలనం కాదని చెప్పడానికి ఆధారం ఏమిటి?

7.3 బయటి పాఠానికి నాలుగు మెట్లు

ఈ యూనిట్‌లోని కృత్యాలన్నీ ఒకే క్రమంలో సాగుతాయి.

మొదటి మెట్టు – చోటును కొలవడం. జీవిని చూడకముందే ఆ చోట బతకడానికి ఉన్న ఇబ్బందులేమిటో తెలుసుకోవాలి. నీరు ఎంత లోతు, ఎంత ఉప్పు, నేల మెత్తనా గట్టిదా, వెలుతురు ఎంత, నీరు ఎంతసేపు నిలుస్తుంది?

రెండవ మెట్టు – జీవిని పరిశీలించడం. ఇక్కడ వివరణ వద్దు. చూసింది చూసినట్టుగా బొమ్మ గీయాలి, లెక్కపెట్టాలి, కొలవాలి.

మూడవ మెట్టు – పోల్చడం. అదే జీవి వేరే చోట ఎలా ఉంది? దగ్గరి పోలికలున్న మరో జీవి ఎలా ఉంది? పిల్లలు తమ ఊహను పరీక్షించుకునేది పోలికతోనే. బడుల్లో ఎక్కువగా వదిలేస్తున్నది ఈ మెట్టునే.

నాలుగవ మెట్టు – వివరించడం. “ఈ చోట ఉన్న ఈ ఇబ్బందిని ఈ లక్షణం ఇలా తట్టుకుంటోంది, దానికి మేము చూసిన ఆధారం ఇది” అని ఒక వాక్యంలో చెప్పాలి.

ఉపాధ్యాయులు సాధారణంగా నాలుగవ మెట్టుతో మొదలుపెడతారు. చెట్టు దగ్గర నిలబడి “ఇవి శ్వాస వేర్లు, ఇవి గాలి పీలుస్తాయి” అని చెప్పేస్తారు. అప్పుడు పిల్లలకు వెతకడానికి ఏమీ మిగలదు. పేరు చివర చెప్పండి.

7.4 బడికి దగ్గరలో చేయదగిన కృత్యాలు

7.4.1 కాలువగట్టు: గుర్రపు డెక్క

కావలసినవి: పొడవాటి కర్ర, బకెట్, స్కేలు, బ్లేడు (ఉపాధ్యాయుడి దగ్గర మాత్రమే), వెడల్పాటి తొట్టి.

ఉపాధ్యాయుడే గట్టు మీద నుంచి కర్రతో రెండు రకాల మొక్కలను లాగాలి. ఒకటి నీటి అంచున విడిగా తేలుతున్నది, మరొకటి దట్టంగా అల్లుకున్న గుంపు మధ్యలోది. పిల్లలు రెండింటి ఆకు కాడలను కొలుస్తారు. విడిగా ఉన్న మొక్కలో కాడ పొట్టిగా, బుడగలా ఉబ్బి ఉంటుంది. గుంపులోని మొక్కలో కాడ సన్నగా, పొడవుగా ఉంటుంది. ఉబ్బిన కాడను కోసి చూస్తే స్పాంజిలా గాలి గదులు కనిపిస్తాయి. నీటిలో ముంచి నొక్కితే బుడగలు వస్తాయి.

ఇప్పుడు ప్రశ్న: ఇవి రెండు జాతులా, ఒకటేనా? జవాబును మీరు చెప్పకండి. గుంపులోని మొక్కనొకదాన్ని ఎండ తగిలే వెడల్పాటి తొట్టిలో ఒంటరిగా పెంచండి. కొన్ని వారాల్లో వచ్చే కొత్త ఆకుల కాడలు ఉబ్బుగా రావడాన్ని పిల్లలే చూస్తారు. గాలి గదులుండటం వారసత్వ లక్షణం. ఉన్న చోటును బట్టి కాడ ఆకారం మారడం సర్దుబాటు. 7.2లోని రెండవ అపోహ ఇక్కడ తొలగిపోతుంది.

మరొక విషయం కూడా చెప్పవచ్చు. గుర్రపు డెక్క మన మొక్క కాదు, దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. అక్కడి నిశ్చల జలాల్లో తేలడానికి తోడ్పడిన లక్షణాలే ఇక్కడి కాలువలను పూడ్చేస్తున్నాయి. అనుకూలనం అంటే అందరికీ మేలు చేసేదని అర్థం కాదు. కృత్యం పూర్తయ్యాక మొక్కను ఎండబెట్టి పారేయాలి. మరో చెరువులో వేయకూడదు.

7.4.2 కాలువ కట్టేసిన తరువాత: నత్త

డెల్టా కాలువలకు ఏటా వేసవిలో మరమ్మతుల కోసం నీరు ఆపేస్తారు. అదే చోటును మార్చి నెలలో నీటితోనూ, కాలువ కట్టేశాక బురదగానూ చూడవచ్చు. ఒకే ఆవాసం రెండు స్థితుల్లో దొరకడం మంచి అవకాశం.

నీరున్నప్పుడు పైలా నత్త పాకుతూ ఉంటుంది. ఎండిపోయాక అది బురదలో దిగి, తలుపు వంటి మూతతో గుల్ల నోరు మూసుకుని ఉంటుంది. దీన్ని గ్రీష్మకాల సుప్తావస్థ అంటారు. ఈ నత్తకు నీటిలో శ్వాసించడానికి మొప్ప, గాలిలో శ్వాసించడానికి ఊపిరితిత్తి వంటి సంచి రెండూ ఉన్నాయి. ఎండిన నేలలో దొరికిన నత్తను నీళ్ళ పళ్ళెంలో ఉంచి, అది ఎంతసేపటికి మూత తెరుస్తుందో నిమిషాల్లో నమోదు చేయించండి. తరువాత దాన్ని నీరున్న చోట వదిలేయండి.

7.4.3 వరి చేను: నీటిని తట్టుకునే రెండు మార్గాలు

సార్వా నాట్లకు ముందు దమ్ము చేసేటప్పుడు చేనుగట్టు మీద అరగంట కూర్చుంటే చాలు. ట్రాక్టరు వెనకే తెల్ల కొంగలు గుంపుగా నడుస్తాయి. కదిలిన మట్టిలోంచి బయటపడే పురుగులు వాటికి ఆహారం. గుడ్డి కొంగ మాత్రం దూరంగా, నీటి అంచున కదలకుండా నిలబడుతుంది. దాని గోధుమ రంగు వీపు బురదలో కలిసిపోతుంది. ఎగిరితేనే తెల్లటి రెక్కలు కనిపిస్తాయి. ప్రతి ఐదు నిమిషాలకూ ఒక్కొక్క పక్షి ఎన్ని అడుగులు వేసిందో, ఎన్నిసార్లు పొడిచిందో పిల్లలు గీతలతో లెక్కవేయాలి. ఒకే చేలో, ఒకే పొడవాటి ముక్కుతో, రెండు ప్రవర్తనలు. ప్రవర్తనా అనుకూలనాన్ని ఇంత తేలికగా అంకెల్లో చూపే కృత్యం మరొకటి దొరకదు.

ఇక వరి మొక్క సంగతి. నీరు నిలిచిన నేలలో చాలా మొక్కల వేర్లకు ఆక్సిజన్ అందదు, అవి కుళ్ళిపోతాయి. వరికి ఆకుల నుంచి వేర్ల వరకు గాలి ప్రయాణించే ఖాళీలున్న కణజాలం ఉంది. దీన్ని పిల్లలకు చూపడానికి తామర తూడు ఇంకా అనువైనది. తూడు ఒక కొసను నీటిలో ఉంచి, రెండో కొస నుంచి ఊదితే బుడగలు వస్తాయి.

కానీ మొక్క మొత్తం మునిగితే? ఇక్కడ మన ప్రాంతానికి గర్వకారణమైన కథ ఒకటుంది. పశ్చిమ గోదావరిలోని మార్టేరు వరి పరిశోధనా కేంద్రం రూపొందించిన స్వర్ణ రకం, ఎం.టి.యు. 7029, దేశంలో విస్తారంగా సాగయిన రకాల్లో ఒకటి. అయితే అది వరద ముంపును ఎక్కువ రోజులు తట్టుకోలేదు. ఒడిశాకు చెందిన ఒక దేశవాళీ వరిలో ముంపును తట్టుకునే జన్యువును గుర్తించి, అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు దాన్ని సంకరణం ద్వారా స్వర్ణలోకి తెచ్చారు. స్వర్ణ సబ్–1 పేరుతో ఆ రకం 2009లో మన దేశంలో విడుదలైంది. సుమారు రెండు వారాల ముంపును అది తట్టుకోగలదు. దాని పద్ధతి ఏమిటంటే, మునిగినప్పుడు పెరుగుదలను ఆపి శక్తిని దాచుకోవడం. లోతు నీటి వరి రకాలు దీనికి భిన్నంగా, నీటితో పాటే వేగంగా పొడుగెదిగి తల బయటపెడతాయి. తాత్కాలికమైన వరదకు మొదటి పద్ధతి, నెలల తరబడి నిలిచే నీటికి రెండవ పద్ధతి నప్పుతుంది. “ఏ అనుకూలనం మంచిది?” అన్న ప్రశ్నకు “ఏ చోట?” అన్న ఎదురు ప్రశ్నే జవాబు.

7.4.4 చేపల బజారు

ప్రత్యేకంగా ఏ జీవినీ బాధించకుండా శ్వాస అనుకూలనాలను చూడగల చోటు ఇది. శీలావతి, బొచ్చె వంటి చేపలు నీటి నుంచి తీయగానే కొద్దిసేపట్లో చనిపోతాయి. కొర్రమీను మాత్రం కొద్దిపాటి నీరున్న తొట్టిలో చాలాసేపు బతికే ఉంటుంది. మధ్యమధ్య నోరు పైకెత్తి గాలి మింగుతుంది. దాని తలలో మొప్పలకు పైన గాలిని శ్వాసించే అదనపు గది ఉంది. పది నిమిషాల్లో ఒక కొర్రమీను ఎన్నిసార్లు పైకి వచ్చిందో పిల్లలు లెక్కపెట్టాలి. ఆపై “ఇది ఏ నీటిలో దొరుకుతుంది?” అని అమ్మే వారిని అడగాలి. బురద కుంటలు, నీరు తగ్గిన బోదెలు, తూటికాడ పెరిగిన చెరువులు అని వారే చెబుతారు. ఆక్సిజన్ తక్కువగా ఉండే చోట్లన్నీ అవే. చోటుకూ లక్షణానికీ మధ్య ముడి అక్కడే పడుతుంది.

వరద రోజుల్లో అయితే పులస గురించి అడిగించండి. సముద్రంలో ఉన్నప్పుడు విలస, గోదావరి ఎర్రనీటికి ఎదురీది వచ్చాక పులస. చేప ఒక్కటే, ఆవాసం మారగానే మన జాలరులు పేరు మార్చారు. ఉప్పునీటిలో చేప శరీరం నీటిని కోల్పోతుంది, కనుక అది నీరు తాగి, అదనపు ఉప్పును మొప్పల ద్వారా బయటికి పంపాలి. మంచినీటిలో ఇందుకు విరుద్ధంగా నీరు లోపలికి చొరబడుతుంది, ఉప్పును కాపాడుకోవాలి. గుడ్లు పెట్టడానికి నదిలోకి వచ్చే ఈ చేప తన శరీరధర్మాన్నే మార్చుకోగలదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
3. గుర్రపు డెక్క కృత్యంలో వారసత్వ లక్షణం ఏది? సర్దుబాటు ఏది?
4. స్వర్ణ సబ్–1, లోతు నీటి వరి ముంపును ఎదుర్కొనే పద్ధతుల్లో తేడా ఏమిటి?

7.5 కోరింగ మడ అడవి సందర్శన

కాకినాడకు దక్షిణంగా, గౌతమి పాయ సముద్రంలో కలిసే ప్రాంతంలో కోరింగ వన్యప్రాణి అభయారణ్యం ఉంది. 1978లో ప్రకటించిన ఈ అభయారణ్యం విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో అటవీశాఖ ఏర్పాటు చేసిన చెక్క నడకదారి ఉంది. దాని మీద నుంచే ఈ క్రింది కృత్యాలన్నీ చేయవచ్చు.

7.5.1 వెళ్ళేముందు తరగతిలో

రెండు గాజు గ్లాసుల్లో, ఒకదానిలో మంచినీరు, మరొకదానిలో చిక్కటి ఉప్పునీరు పోసి, సమాన పొడవున్న బంగాళదుంప ముక్కలను వేయండి. కొన్ని గంటల తరువాత ఉప్పునీటి ముక్క వడలి మెత్తబడుతుంది, మంచినీటి ముక్క గట్టిగా ఉంటుంది. “చుట్టూ నీరే ఉన్నా ఉప్పునీటిలో మొక్క ఎందుకు దాహంతో ఉంటుంది?” అన్న ప్రశ్నతో పిల్లలు బస్సెక్కాలి.

కాకినాడ తీరంలో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు వస్తాయి. ఆ వేళలు రోజూ దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువ. నీరు తీసే వేళకు చేరుకుంటేనే వేర్లు కనిపిస్తాయి. వీలైతే పోటు మొదలయ్యేదాకా ఉండండి. అరగంట క్రితం లెక్కపెట్టిన వేర్లు కళ్ళెదుటే మునగడాన్ని చూసిన పిల్లలకు ఆ చోటు కష్టమేమిటో మళ్ళీ చెప్పనవసరం లేదు.

7.5.2 అక్కడ

(అ) చోటును కొలవడం: మంచినీటి కాలువ, మడ అడవిలోని ఏరు, సముద్రం – ఈ మూడు చోట్ల నుంచి 100 మిల్లీలీటర్ల చొప్పున నీటిని సీసాల్లో తీసుకోవాలి. బడికి వచ్చాక స్టీలు పళ్ళేల్లో ఎండబెట్టి, మిగిలిన ఉప్పును పోల్చాలి. సాధారణంగా లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. నది ముఖద్వారం దగ్గర అంతకన్నా తక్కువ రావచ్చు. వరద కాలంలో ఏటి నీరు దాదాపు మంచినీరే, వేసవిలో బాగా ఉప్పగా మారుతుంది. మడ చెట్టు ఈ మార్పును కూడా తట్టుకోవాలి. తరువాత ఒక కర్రను బురదలో గుచ్చి తీయించండి. లోపలి బురద నల్లగా, కుళ్ళిన కోడిగుడ్డు వాసనతో ఉంటుంది. ఆక్సిజన్ లేదనడానికి అది గుర్తు. కాబట్టి ఇక్కడి ఇబ్బందులు మూడు: ఉప్పు, ఊపిరాడని బురద, కాలు నిలవని మెత్తని నేల.

(ఆ) వేర్లను లెక్కపెట్టడం: అర మీటరు భుజం గల చతురస్రాకారపు కర్ర చట్రానికి తాళ్ళు కట్టి, నడకదారి మీద నుంచే బురద మీదకు దించండి. చట్రంలో కనిపించే నిలువు వేర్లను లెక్కించండి. ఏటికి దగ్గరగా మూడుసార్లు, దూరంగా మూడుసార్లు చేసి సగటు తీయండి. ఈ వేర్లు తెల్ల మడ, నల్ల మడ చెట్లవి. వేర్లపై ఉన్న సన్నని రంధ్రాల ద్వారా గాలి లోపలికి వెళుతుంది. అందరి లెక్కలూ అయ్యాకే “శ్వాస వేర్లు” అన్న పేరు చెప్పండి. ఉప్పు పొన్న కనిపిస్తే దాని కమాను వంటి ఊత వేర్లను పోల్చి గీయించండి. ఒకే బురదకు రెండు రకాల వేర్లు.

(ఇ) ఆకును చూడటం: ఎండ ఎక్కిన తరువాత తెల్ల మడ ఆకును భూతద్దంతో చూస్తే ఉప్పు పలుకులు మెరుస్తాయి. లవణ గ్రంథులు ఉప్పును బయటికి పంపుతున్నాయనడానికి అది ప్రత్యక్ష సాక్ష్యం. వాన పడిన మరునాడు ఇవి కనిపించవు, కనుక పొడి రోజును ఎంచుకోండి.

(ఈ) విత్తనాన్ని చూడటం: ఉప్పు పొన్నలో విత్తనం తల్లి చెట్టు మీదే మొలకెత్తి, సన్నని మునక్కాయలా వేలాడుతుంది. మడ చెట్లలో మొలక కాయ లోపలే తయారై, రాలిన తరువాత బయటపడుతుంది. రాలిన కాయ దొరికితే విప్పి చూడవచ్చు. పోటు కొట్టుకుపోయే చోట త్వరగా వేరూనగల మొలకకు ఎంత విలువో పిల్లలే చెప్పగలరు.

(ఉ) జంతువులు: ఐదు నిమిషాలు మాట్లాడకుండా నిలబడితే బొరియల్లోంచి పీతలు బయటికి వస్తాయి. బురద మీద మడ్‌స్కిప్పర్ చేపలు ముందు రెక్కలతో గెంతుతాయి. తల పైన ఉబ్బిన కళ్ళు, తడిగా ఉంచుకునే చర్మం ద్వారా శ్వాస, మొప్పల గదుల్లో నిల్వ చేసుకునే నీరు వీటి ప్రత్యేకతలు. బజారులో చూసిన కొర్రమీనుతో పోల్చమనండి. రెండూ గాలిని వాడుకునే చేపలే, అవయవాలు మాత్రం వేరు. నీటిపిల్లి, నీటికుక్క పగటి పూట కనిపించడం అరుదు. బురదలో అడుగుజాడలు దొరికితే బొమ్మ గీయించండి.

7.5.3 తిరిగి వచ్చాక

ప్రతి జట్టు మూడు వరుసల పట్టిక తయారు చేయాలి: చోటులోని ఇబ్బంది, జీవి లక్షణం, మేము చూసిన ఆధారం. ఆధారం గడి ఖాళీగా ఉంటే ఆ వరుసను కొట్టివేయాలి. పుస్తకంలో ఉంది కదా అని నింపకూడదు. పట్టిక చిన్నదైనా ఫరవాలేదు.

అనుకూలనాలకు హద్దులుంటాయని కూడా ఈ దశలో చెప్పాలి. మడ చెట్టు ఉప్పును తట్టుకుంటుంది కానీ ఎంతైనా తట్టుకోదు. పోటు నీరు చేరని పల్లపు చోట్ల నీరు ఆవిరై ఉప్పు పేరుకుంటే మడ కూడా చనిపోతుంది. అటువంటి చోట్ల అటవీశాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటు నీరు వచ్చి పోయేలా చేసి, మడను మళ్ళీ పెంచాయి. ముందు చోటును బాగుచేసి, తరువాత మొక్క నాటడం ఇందులోని పాఠం.

7.6 భద్రత, అనుమతులు

ఈ భాగాన్ని దయచేసి దాటవేయకండి. మన ప్రాంతంలో కాలువలు పిల్లల ప్రాణాలు తీస్తాయి.

• ఏ కృత్యంలోనూ పిల్లలు నీటిలో దిగకూడదు. నమూనాలను పెద్దవారే తీయాలి. గట్టు అంచు నుంచి రెండు మీటర్ల దూరంలో తాడు కట్టి, అది దాటకూడదని ముందే చెప్పండి.
• మడ అడవిలో తిల్ల చెట్టు ఉంటుంది. దాని పాలు చర్మాన్ని పొక్కిస్తాయి, కంట్లో పడితే తాత్కాలికంగా చూపు పోవచ్చు. కాబట్టి ఏ ఆకునూ తుంచకూడదు, నోట్లో పెట్టకూడదు. రాలిన వాటినే ముట్టుకోవాలి.
• శ్వాస వేర్ల మీద నడిస్తే అవి విరుగుతాయి. నడకదారి దిగవద్దు.
• అటవీశాఖ అనుమతి, తల్లిదండ్రుల లిఖితపూర్వక సమ్మతి తీసుకోండి. ప్రతి పది మందికీ ఒక పెద్దవారు ఉండేలా చూడండి. మీరు ఒకసారి ముందుగా వెళ్ళి చూసి రండి.
• ప్రథమ చికిత్స పెట్టె, తాగునీరు, టోపీలు తప్పనిసరి. వాతావరణ హెచ్చరిక ఉన్న రోజు ప్రయాణం మానుకోండి.
• నడవలేని పిల్లలను బడిలో వదిలేయకండి. చేపల బజారు, తొట్టి, నీరు ఎండబెట్టే కృత్యాలు అందరూ చేయదగినవి.

7.7 స్థానిక జ్ఞానం, స్థానిక జీవనోపాధి

జాలరుల పిల్లలకు పోటుపాట్ల వేళలు, ఏ ఏట్లో ఏ పీత దొరుకుతుందో తెలుసు. రైతు కూలీల పిల్లలకు ఏ కొంగ ఎప్పుడు వస్తుందో తెలుసు. తరగతిలో మార్కులు తక్కువ వచ్చే పిల్లవాడు బయట మీ సహాయకుడు కావచ్చు. అతడిచ్చే సమాచారాన్ని అతడి పేరుతోనే పట్టికలో రాయించండి. చెట్ల పేర్లు ఊరూరా మారతాయి. స్థానికుల పేరు, శాస్త్రీయ నామం రెండూ రాయడం మంచి అలవాటు.

మరొక సున్నితమైన విషయం. డెల్టాలో వరి చేలు, మడ నేలలు కొన్ని చోట్ల చేపల, రొయ్యల చెరువులుగా మారాయి. దీనివల్ల ఆవాసాలు మారాయన్నది పాఠంలో రావలసిన నిజం. కానీ మీ తరగతిలో చాలామంది పిల్లల ఇంట అన్నం ఆ చెరువుల మీద నుంచే రావచ్చు. తల్లిదండ్రులను దోషులుగా నిలబెట్టే పాఠం పిల్లవాడిని చదువుకు దూరం చేస్తుంది. చెరువును కూడా ఒక ఆవాసంగా తీసుకుని అవే నాలుగు మెట్లు వేయించండి. ఇక్కడ ఏ జీవులు చేరాయి, ఏవి పోయాయి, ఎందుకు? రొయ్యల చెరువులో గాలి చక్రాలు ఎందుకు తిప్పుతారో ఆ ఇంటి పిల్లవాడే వివరిస్తాడు. ఆక్సిజన్ పాఠం అక్కడా ఉంది. ఆధారాలు చూసిన పిల్లలు తీర్పును తరువాత తామే చేసుకుంటారు.

7.8 మూల్యాంకనం

“అనుకూలనాన్ని నిర్వచించి రెండు ఉదాహరణలివ్వండి” అన్న ప్రశ్న జ్ఞాపకశక్తిని మాత్రమే పరీక్షిస్తుంది. తరగతిలో చర్చించని జీవిని ఇచ్చి అడగండి. ఉదాహరణకు, ఉప్పాడ లేదా అంతర్వేది ఇసుక తీరంలో పాకే బాలబంద తీగ చిత్రాన్ని, అక్కడి చోటు వివరాలను (కదిలే ఇసుక, ఉప్పుగాలి, మండే ఎండ) ఇచ్చి, “ఈ మొక్కలో ఏ లక్షణాలను వెతుకుతావు? నీ ఊహ తప్పని ఎలా తెలుసుకుంటావు?” అని అడగవచ్చు.

జవాబులను మూడు స్థాయిలుగా చూడండి. లక్షణం పేరు మాత్రమే చెప్పడం మొదటి స్థాయి. లక్షణాన్ని చోటులోని ఇబ్బందితో ముడిపెట్టడం రెండవ స్థాయి. పోలికతో, ఆధారంతో సమర్థించడం మూడవ స్థాయి. బయటి పాఠానికి ముందు, తరువాత ఒకే ప్రశ్న ఇచ్చి, ఎంతమంది ఏ స్థాయి నుంచి ఏ స్థాయికి చేరారో లెక్కవేయండి. మీ బోధన ఫలితం అదే.

7.9 సారాంశం

అనుకూలనం జీవికీ చోటుకూ మధ్య ఉన్న సంబంధం. రెండూ కలిసి ఉన్న చోటే అది కనిపిస్తుంది. గోదావరి డెల్టాలో మంచినీటి కాలువ నుంచి మడ అడవి వరకు భిన్నమైన ఆవాసాలు దగ్గరదగ్గరగా ఉన్నందున పోల్చడం సులభం. చోటును కొలవడం, జీవిని పరిశీలించడం, పోల్చడం, వివరించడం అనే నాలుగు మెట్లను పాటిస్తే విహారయాత్ర పాఠంగా మారుతుంది. “కోసం చేసుకుంది” అనే భాషను “ఉండటం వల్ల బతుకుతోంది” అనే భాషగా మార్చాలి. దూర ప్రయాణానికి వీలు లేని బడికి కాలువగట్టు, వరి చేను, చేపల బజారు చాలు. భద్రతా నియమాలకు ఎక్కడా మినహాయింపు లేదు.

7.10 సమీక్ష ప్రశ్నలకు జవాబులు

1. కొంగకు ఉద్దేశాన్ని ఆపాదించడం దోషం. “పొడవాటి ముక్కు ఉండటం వల్ల కొంగ లోతులేని నీటిలో చేపలను పట్టి బతకగలుగుతోంది” అని రాయాలి.
2. ఆడపీతలకు పెద్ద డెక్క లేకపోయినా అవి అదే బురదలో బతుకుతున్నాయి.
3. కాడలో గాలి గదులుండటం వారసత్వ లక్షణం. గుంపులో పొడవుగా, విడిగా ఉబ్బుగా పెరగడం సర్దుబాటు.
4. స్వర్ణ సబ్–1 పెరుగుదలను ఆపి శక్తిని దాచుకుంటుంది. లోతు నీటి వరి వేగంగా పొడుగెదిగి నీటి పైకి వస్తుంది.

7.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. కోరింగ మడ అడవిలోని మూడు ప్రధాన ఇబ్బందులను పేర్కొని, వాటిని మొక్కలు, జంతువులు తట్టుకునే తీరును వివరించండి.
2. మీ ఊరికి రెండు కిలోమీటర్ల లోపు ఉన్న ఒక ఆవాసాన్ని ఎంచుకుని, ఎనిమిదో తరగతికి నాలుగు మెట్ల కృత్య ప్రణాళికను భద్రతా ఏర్పాట్లతో సహా రాయండి.

II. క్రింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. అనుకూలనానికీ, సర్దుబాటుకూ తేడా ఏమిటి?
2. చేపల బజారును అభ్యసన కేంద్రంగా ఎలా వాడుకోవచ్చు?
3. బయటి పాఠంలో స్థానికుల జ్ఞానానికి ఇవ్వవలసిన స్థానం ఏమిటి?